కండె కడుపుల సంగతి

భూదాన్ పోచంపల్లి,
12 జూన్ 2019.

బీరమ్మా,

కాలేజీ స్టాఫ్ రూముల కూచోని రాస్తున్న. ఫోన్ చేద్దామంటే మా ఇంటి సంగతి నీకెరుకే, ఒక మగ్గం కాడ అన్న మాట రెండో మగ్గం కాడికి పోయినంకనే చల్లబడ్తది. నువ్వు కూడా జవాబు కాలేజీ అడ్రసుకే రాయి. హాస్టల్ రోజుల నుంచి మనకు ఉత్తరాలు అలవాటే గనుక ఎవరూ ఏమనుకోరు.

విషయం పెద్దది కాదు. పెద్దది కాదని నాకు నేను చెప్పుకోవట్టి వారమైంది. అందుకే నీకు రాస్తున్న.

మా కుక్క సంగతి. రెండేండ్ల కింద వానల మా మామ జంగయ్య బజారు నుంచి చంకల పెట్టుకొని తెచ్చిండు. అప్పుడది, నేస్తుంటె అటు ఇటు ఉరికే నాడెల వేసే దారపు కండె కంటె కొంచెమే పెద్దగ ఉండె. కండె అనే పేరు పెట్టినం. అత్త పోయినంక మామ ఏడాది పాటు మగ్గం ముట్టలేదు. ఈ పిల్ల ఒకనాడు మగ్గం గుంటల దూరింది. దాన్ని ఎల్లగొడ్దామని ఆయన దిగిండు. దిగినోడు అంచు మీద కూచున్నడు, కూచున్నోడు మళ్ల నేసిండు. అప్పటి నుంచి ఆయన కాళ్లు గుంటల చెక్కలు తొక్కుతుంటె, ఆ కాళ్ల పక్కన గోనెసంచి మీద అది పండుకుంటది. డెబ్బయి నాలుగేండ్ల మనిషి, రోజుకు మూరెడు తక్కువ కాకుండ నేస్తున్నడు.

ఇప్పుడు కండె ఎంత తిన్నా ఒంటికి పడ్తలేదు. వెంట్రుక గరుకైంది. వెనక భాగం నేలకు రాసుకుంట జరుగుతది. మా తోటికోడలు గోవిందమ్మక్క చూసి, అరుగు తుడువ మనిషి దొరికిందని నవ్వింది. అది దొడ్డికి పోయినకాడ తెల్లటి ముక్కలు కనపడ్తున్నయి. ఇంట్ల అందరిదీ ఒకటే మాట, దారాలు.

దారాలే అనుకోవటానికి కారణం ఉన్నది. మాది చిటికి పని. రంగు అంటొద్దనుకున్నకాడ దారానికి గట్టిగ కట్లు కట్టి ముంచుతం, ఆరినంక కట్లు కోస్తం. కోసిన తుంటలు అన్నంల వస్తయి, జడల వస్తయి, నా టీచింగ్ నోట్సుల వస్తయి. కండె చిన్నప్పటి నుంచి వాటిని నములుతది. అందుకని మా ఇంట్ల తెల్లగ, సన్నగ ఏది కనపడ్డా దారమే, ఇంకోటి అయ్యే వీలే లేదు. నేనూ మూడు నెలలు అట్లనే అనుకున్న. జువాలజీ చెప్పుకుంట. ప్రతి ఏడు బోర్డు మీద బద్దెపురుగు బొమ్మ వేస్త. తల, మెడ, ఖండాలు, పండిన చివరి ఖండం ఊడి బయట పడుడు. మొన్న క్లాసుల ఆ చివరి ఖండానికి బాణం గుర్తు పెడ్తుంటె చాక్‌పీసు ఆగింది. పిల్లలు స్పెల్లింగ్ మర్చిపోయిననుకున్నరు.

గోవిందమ్మక్క బిడ్డ పూజకు ఇప్పుడు ఆరో నెల. రాఖీల పండుగ దాటినంక పురుటికి మా ఇంటికే వస్తది. నాకు పిల్లలు లేరు, పూజను అక్క, నేను ఇద్దరం పెంచినం. పసిగుడ్డు ఉండే ఇంట్ల కుక్క ఎందుకని అక్క ఇప్పటికే రెండుసార్లు అన్నది. పురుగులున్నయని నేను ఒక్క మాట అంటె కండెను ఎవరిదన్న తోటకు తోలుతరు. అది పోయినంక మామ గుంటల దిగుతడా? ఇటు ఉన్నయని తెలిసి చెప్పకపోతే, పిల్లకు ఏమన్న అయిననాడు, పిల్లల సంగతి దీనికేం తెలుసు అని అక్క అనదు గానీ, అనకుంటె నేనే అనుకుంట.

ఇవి ఉన్నయో లేవో కూడా ఇంకా తెల్వదు. మీ ఇంట్ల గొర్లున్నయి, కుక్కలున్నయి. నువ్వయితే ఏం చేస్తవు?

నీ
యాదలక్ష్మి

దేవరకద్ర,
25 జూన్ 2019.

యాదీ,

హెడ్‌మాస్టర్ గదిల కూచోని నీ ఉత్తరం చదువుకుంట నవ్విన. బయట పిల్లలు మేడం నవ్వుతదా అని కిటికీల నుంచి తొంగి చూసిండ్రు. ఎమ్మెస్సీ చదివినవ్, ఇరవై ఏండ్లు పాఠం చెప్పినవ్, ఇప్పుడు కుక్క పెంటల ఉన్నది దారమా పురుగా అని గొర్లోళ్ల బిడ్డకు ఉత్తరం రాస్తున్నవ్. హాస్టల్ల గూడ గంతే. పప్పుల ఉప్పెక్కువైందా, నా నాలుకే గిట్లున్నదా అని నన్ను అడిగి గాని తినకపోతుంటివి.

ఇగ ఇను. మా అన్న కురుమయ్య గొర్రె తోక కింద తడి చూసి కడుపుల నట్టలు పడ్డయా లేదా చెప్తడు. గొర్లకు నట్టల మందు తాపే రోజులు వస్తే ఊరంత కదులుతది. మంద ఎంబడి తిరిగే కుక్కను మాత్రం ఎవ్వడు యాది జేయడు. ఒక్కటి జెప్తున్న, గొర్ల మందు మిగిలింది గదా అని ఎవరన్న ఇస్తే కండెకు పొయ్యకు. అన్నిటికి అన్ని మందులు పడయి. ఒకసారి మా మంద కుక్క గట్లనే సచ్చి బతికింది.

కండె తోక కింద వెంట్రుకలు పాయ దీసి చూడు. బియ్యపు గింజల్లాంటివి అంటుకున్నయా? ఎండితె అవే దోసగింజల లెక్క అయితయి. ఒంటి మీద దుంకే పేన్లు ఉన్నయేమో చూడు. ఇంకా అనుమానమైతే, నీకైతది, తాజాగా పడ్డదాన్ని పుల్లతోని తీసి నల్లగుడ్డ మీద పెట్టి జరంత ఎండ చూపెట్టు. దారమైతే పెట్టినకాడ పెట్టినట్లే ఉంటది. అంతకంటె సైన్సు నాకు రాదు. పశువుల దవాఖాన మీ ఊర్లనే ఉండె గదా, తీస్కపో.

ఇంకోటి. దానికి పచ్చి బోటి, పేగులు కార్జం గిట్ల, పెడ్తున్నరా? పెడ్తె రేపటి నుంచి బంద్ చెయ్యి. ఎందుకని నన్ను అడగకు.

బడులు తెరిచినం, పుస్తకాలు రాలే, బియ్యం వచ్చినయి. నేను బాగున్న.

బీరమ్మ

పోచంపల్లి,
14 జులై 2019.

బీరమ్మా,

ముందు మంచి మాట చెప్త. దారమే.

నువ్వు ఎక్కిరించినంక పౌరుషం వచ్చి ఒక ముక్కను మాత్రల డబ్బల పెట్టుకొని కాలేజీకి పట్టుకపోయిన. మా ల్యాబ్ అటెండర్ ఎల్లేష్, వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి, కప్పలను, వానపాములను, పందికొక్కును కూడా కళ్లార్పకుండ చూసినోడు. డబ్బ మూత తియ్యంగనే కిటికీలు తెరిచి, తలుపు కాడికి పోయి నిలబడి, సిలబస్ మారిందా మేడం అని అడిగిండు. మైక్రోస్కోపుల చూస్తే మెలికలు తిరిగిన పట్టీలు. అచ్చమైన నూలు. ఒక కొసకు ఎర్ర రంగు కూడా ఉన్నది. అంతకు ముందు వారం మేం కోసిన చిటికి అది. నాకు ఎంత తేలికైందంటే ఎల్లేష్‌కు చాయ్ తాగిపిచ్చిన. ఆయన చేతులు రెండుసార్లు కడుక్కొని తాగిండు.

అయినా ఒక్క ముక్క చూసి నిర్ణయానికి రావద్దని పిల్లలకు చెప్పేదాన్ని గదా, దవాఖానకు కూడా పట్టుకపోయిన. డాక్టర్ ప్రేమ్‌సాగర్ అని, నెమ్మది మనిషి. పరీక్ష చేసి ఏం కనపడలేదన్నడు. తర్వాత ఇంకో మాట కూడా అన్నడు. కనపడలేదంటె లేవని కాదమ్మా, ఈ బద్దెపురుగు గుడ్లు ఒక్కోసారి పరీక్షకు దొరకవు, తెల్లటివి మళ్ల కనపడ్తె తీసుకరాండ్రి అన్నడు.

ఇంట్ల మొదటి మాటే చెప్పిన. రెండోది చెప్పలే. మామ విని, నేను ముందే చెప్పలేదా అన్నట్లు కండె తల మీద రెండు దెబ్బలేసిండు. అక్క కూడా సరే అన్నది. సైన్సు మేడం చెప్పింది గదా, ఇంక అనుమానమెందుకు అన్నది. ఆ మాట నాకు ముల్లు లెక్క గుచ్చుకున్నది.

బోటి సంగతి అడిగినవు. పెడ్తున్నం. ప్రతి ఆదివారం మామ దోస్తు అబ్దుల్ ఖాదర్ దుకాణం నుంచి కండె వాటా అని ఒక కవరు వస్తది. పచ్చిదే. ఉడకబెట్టి పెడ్దామని నేనంటె, ఉడకబెట్టుడు పండ్లు లేని నా అసొంటోనికి, దానికెందుకు అన్నడు మామ. ఎందుకో చెప్పు, మానేస్త అన్నడు. నువ్వేమో ఎందుకని అడగకు అన్నవు. మధ్యల నేను ఏం చెప్పాలె?

నల్లగుడ్డ మీద పెట్టి చూడలేదు. నిజం చెప్పాల్నంటె చూడబుద్ధి కాలేదు. ఒక మంచి జవాబు దొరికినంక అదే ప్రశ్నను మళ్ల వెయ్యటానికి ఎవరికి మనసొస్తది?

యాదలక్ష్మి

పోచంపల్లి,
9 ఆగస్టు 2019.

బీరమ్మా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. బడి పనులు అనుకుంటున్న. బోటి గురించి గుచ్చి అడిగినందుకు కాదు గదా?

నల్లగుడ్డ మీద పెట్టిన.

మొన్న శుక్రవారం వాన తెరిపిచ్చి మంచి ఎండ వచ్చింది. కండె తోక కింద ఒకటి అంటుకొని కనపడ్డది, బియ్యపు గింజంత. పుల్లతోని తీసి, నల్ల చీర తుంట మీద పెట్టి, మిద్దె మీదికి తీసుకపోయి పిట్టగోడ మీద పెట్టిన. కొద్దిసేపు ఏం లేదు. దారమే అని లేవబోయిన. అప్పుడది సాగింది. ముడుచుకున్నది. మళ్ల సాగి, జరంత ముందుకు వచ్చింది. ఇరవై ఏండ్లుగ బోర్డు మీద నేను గీస్తున్నది నా ముందర నడుస్తున్నది. ఎవరితోని చెప్పకు, ముందు ఒక్క నిమిషం నాకు సంతోషమే అయింది, నా బొమ్మ తప్పు గాదని. తర్వాత మెట్ల దిక్కు చూసిన, ఎవరన్న వస్తున్నరేమో అని.

అప్పుడే అక్క ఆరేసిన బట్టలు తియ్యటానికి పైకి వచ్చింది. నేను గుడ్డ మడిచిన. పూజ ఇంకో రెండు వారాలల్ల వస్తున్నదని, ఏ గదిల పండుకోబెట్టాల్నో, మంచం కిటికీ దిక్కు జరపాల్నా అని మాట్లాడుకుంట బట్టలు చేతి మీద వేసుకున్నది. పోతుపోతు, కండెతోని ఫికర్ ఏం లేదు గదా యాదమ్మా, నువ్వు చెప్పినవంటె నాకు ధీమా అన్నది.

ఏం లేదక్కా, దారాలే అన్న. పురుగు నా పిడికిట్ల ఉన్నది.

తెల్లారి ఎవరికీ చెప్పకుండ ప్రేమ్‌సాగర్ దగ్గరికి పోయిన. గుడ్డ చూసి ఆయన, బద్దెపురుగే, పేన్లను మింగిన కుక్కకు వచ్చే రకం అన్నడు. మనుషులకు ఇది అంత సులువుగ రాదట, వచ్చినా మాత్రతోని పోతదట. కండెను తూకమేసి మాత్ర ఇచ్చిండు. మాంసం ముద్దల పెట్టి మింగిపిచ్చిన. అయితే మాత్రతోని సరిపోదన్నడు. ఒంటి మీద పేన్లు పోవాలె. అది పండుకునే జాగ శుభ్రం చెయ్యాలె. లేకుంటె నెలల మళ్ల మొదటికే వస్తది. పచ్చి మాంసం మానెయ్యాలె, దానితోని ఇంకో రకం వస్తది, అది కంటికి కూడా కనపడదు, అది మంచిది కాదు అన్నడు.

మాత్ర ఇచ్చుడు దాచొచ్చు. మగ్గం గుంటను మామకు తెల్వకుండ ఎట్ల ఖాళీ చేస్త? బోటి ఎట్ల ఆపుత? చెప్తే కండె పోతది. చెప్పకపోతే పురుగు మళ్ల వస్తది, అప్పటికి ఇంట్ల పసిపిల్ల ఉంటది. రోజూ పొద్దున చెప్దామని లేస్త. అక్క చాయ్ గ్లాసు చేతికిచ్చి, బస్సుకు ఆలస్యమైతున్నది పో అంటది. పోత.

నువ్వన్న ఒక మాట రాయి.

యాదలక్ష్మి

దేవరకద్ర,
22 ఆగస్టు 2019.

యాదీ,

బడి పనులు ఏం లేవు. రాసుడు, చింపుడు గింతే నడిచింది నెల రోజులు.

ఎందుకని అడగకు అన్న గదా. అడిగినట్టే అనుకొని చెప్తున్న. యూనివర్సిటీల రెండో ఏడు దీపావళి సెలవులకు ఊరికి పోయి రెండు నెలలు నేను రాలే. కడుపుల గడ్డ, ఆపరేషన్ అని మీ అందరికి చెప్పిన. అది కార్జంల పెరిగిన నీటిగడ్డ. కుక్కల కాడి నుంచి వచ్చింది.

మా ఇంట్ల గొర్రెను కోసినరంటె పాడైన కార్జం, ఊపిరితిత్తులు మంద కుక్కలకు ఇసిరేసుడు అలవాటు. గొర్రె కడుపుల నీటిగడ్డలుంటయి, అవి కుక్క తింటది. కుక్క కడుపుల పురుగులైతయి. మీ డాక్టర్ చెప్పిన గా కంటికి కనపడనివి. వాటి గుడ్లు కుక్క ఒంటికి, మట్టికి, మట్టి నుంచి నా చేతులకు. నేను కుక్కల మీద పండుకొని పెరిగిన పిల్లను. గడ్డ పెద్దగయ్యేదాక ఎవ్వరికి తెల్వలే.

ఎందుకు చెప్పలేదంటవు. హాస్టల్ల నా ట్రంకు పెట్టె తెరిస్తె గొర్ల వాసన అని ముక్కు మూసుకున్నోళ్లు ఉండిరి. నువ్వు మూసుకోలే. గని కుక్క పురుగు నా కడుపుల పడ్డదంటె నువ్వు పుస్తకం తీస్తవ్, బొమ్మ చూస్తవ్, చూసినంక మెస్సుల నా పక్కన కూచుంటవా అని అనుమానం. నిన్ను అనుమానపుదానివని ఇన్నేండ్లు ఎక్కిరించిన, నా అనుమానం నీ అనుమానాలన్నిటి కంటె పెద్దది. పెళ్లైనంక మా ఆయనకు గూడ గడ్డ అనే చెప్పిన.

ఒక్క సంగతి నీకు పనికొస్తదని రాస్తున్న. నేను దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన్నాడు మా చిన్నాయిన కుక్కలను కట్టె పట్టుకొని తరిమిండు. మా బాపు కట్టె గుంజుకున్నడు. “దానికి పెట్టింది మనమే గదరా, అదేమన్న కోసుకొని తిన్నదా” అన్నడు. మరునాడు దొడ్డెనక మనిషి లోతు గుంత తవ్విండు. ఇప్పటికీ గొర్రెను కోస్తె పనికిరానిదంత గా గుంతలకే. కుక్కలు మా ఇంట్లనే ఉన్నయి.

మీ కండెకు పడ్డది అది గాదు, భయపడి నిద్ర చెడగొట్టుకోకు. పచ్చి బోటి ఆపు, గంతే. గోవిందమ్మకు చెప్పు. ఇరవై రెండేండ్లు దాచినదానికి నీకు చెప్పే మొకం లేదు. అయినా చెప్తున్న.

బీరమ్మ

పోచంపల్లి,
16 సెప్టెంబరు 2019.

బీరమ్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగ ఉన్న. ఆపరేషన్ అయి వచ్చినంక బరువు లేపొద్దన్నరని నెల రోజులు నీ స్నానం నీళ్లు మూడో అంతస్తుకు నేనే మోసిన. అప్పుడన్న చెప్పొచ్చు గదా అనుకున్న. మూడో రోజు ఇంకో తీరుగ తోచింది. ఎందుకైంది ఆపరేషన్ అని నేను కూడా ఎన్నడూ అడగలే. అడగకపోవుడు మర్యాద అనుకున్న. మర్యాదో, వినాల్సి వస్తదని భయమో, ఇప్పుడు గట్టిగ చెప్పలేను. బొమ్మ చూస్తుంటినేమో. చూసి నీ పక్కనే కూచుంటుంటి. ఇది మాత్రం గట్టిగ చెప్త.

నీ మాట నాకు చెప్పలేదని కోపం తెచ్చుకున్నదాన్ని అక్కకు ఏ మొకంతోని చెప్పకుండ ఉంట? రెండు వారాల కింద ఆదివారం చెప్పిన.

ఇద్దరం చిటికి కడ్తున్నం. పూజ లోపల పండుకున్నది. తెల్లటివి దారాలు కావక్కా, పురుగులు అన్న. ఆనాడు మిద్దె మీద నా చేతుల ఉన్నది కూడా అదే, నీకు అబద్ధం చెప్పిన అన్న. అక్క చెయ్యి ఆపలే. నాలుగు ముళ్లు వేసింది, లెక్క పెట్టిన. ఎన్ని రోజులైందన్నది. నెలైందన్న. మందు ఇచ్చినవా అన్నది. దొంగతనంగ ఇచ్చిన అన్న. నేను ముందే తయారు చేసుకున్న మాట కూడా అనేసిన. కండెను పంపుదామంటె పంపుదాం, మామకు నేనే చెప్త అన్న.

అప్పుడు దారం కింద పెట్టింది.

“మన పూజకు నాలుగేండ్లప్పుడు ఏలికపాములు పడ్డయి. అప్పుడు దాన్ని ఎవరి తోటకన్న తోలినమా? నువ్వే గదా ముక్కు మూసి మందు తాగిపిచ్చింది.”

నాకు అది యాదికే లేదు బీరమ్మా. ఆమెకు ఉన్నది. పూజ నా చేతి మీద కరిచిన సంగతి కూడా ఉన్నది.

తర్వాత తిట్టింది. కుక్క గురించి కాదు. నెల రోజులు నా పక్కన కూచోని అన్నం ఎట్ల తిన్నవే అన్నది. నేను చెప్తే వినని మనిషినా, నన్ను అంత రాయి అనుకున్నవా అన్నది. నేను తల వంచి ముడి వేసిన. అనుకున్న గనుక.

మరునాటి నుంచి మా ఇంటి సంగతి ఏం చెప్పాలె. అక్క కొంగు నడుముకు చెక్కింది. గోనెసంచి కాలబెట్టింది. గుంటల మట్టి జానెడు గీకిచ్చి, సున్నం కొట్టిచ్చింది. ఆ మూడు రోజులు మామ మగ్గం పక్కన కుర్చీ వేసుకొని, ఒక్క పోగు తెగినా ఊకోనని కాపలా కూచున్నడు. కండెకు డాక్టర్ ఇచ్చిన పేన్ల మందు పూసినం. అది మా ఇద్దరిని చూసి రెండు రోజులు కంది కట్టెల మోపు వెనక దాక్కున్నది. బోటి గురించి మామ పచ్చిదే రుచి అనబోతే అక్క ఒకటే అన్నది. “నీ మునిమనవడో మనవరాలో దీని మీద చెయ్యేసి ఆ చెయ్యి నోట్ల పెట్టుకుంటది. అప్పుడు చెప్పు రుచి సంగతి.” ఆయన లేచి పోయి కట్టెల పొయ్యి మీద సొంతంగ గిన్నె ఎక్కిచ్చిండు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఉడికిందా లేదా అని పుల్లతోని గుచ్చి చూస్తడు. మనకు వండుతుంటె ఎన్నడన్న అట్ల చూసిండా అని అక్క అడుగుతది. నిన్న గిన్నె కాడ నిలబడి ఉప్పు కూడా అడిగిండు.

ఇన్ని చేసినా ఇంకా లోపల ఉన్నయేమో అని నాకు ఉన్నదనుకో. అది వేరే సంగతి.

నువ్వు మళ్ల స్కానింగ్ చేపిచ్చుకున్నవా? ఇరవై రెండేండ్లల్ల ఎన్నిసార్లు? ఈసారి అడుగుతున్న.

యాదలక్ష్మి

దేవరకద్ర,
4 అక్టోబరు 2019.

యాదీ,

ఒక్కసారి గూడ చేపిచ్చుకోలే. నీ ఉత్తరం జూసి పాలమూరు పోయిన. మా ఆయనను గూడ తీస్కపోయిన, తొవ్వల బస్సుల చెప్పిన. ఆయన, అందుకేనా మా అమ్మ కుక్కపిల్లను తెస్తె నువ్వు చేతులు అన్నిసార్లు కడిగేది అన్నడు. గంతే.

స్కానింగ్ కాడ ఆడోళ్లు వరుసల కూచున్నరు. నర్సమ్మ నా కడుపు మీది గీత ఏందని అందరిల అడిగింది. గడ్డ అనబోయిన. నోటిదాక వచ్చి, అసలు పేరే వచ్చింది. గొర్ల ఇంటిదాన్ని, కుక్కల కాడి నుంచి వచ్చిన నీటిగడ్డ అన్న. పక్కన ఒక ముసలామె ఉన్నది, పేరు ఉప్పలమ్మ అట. జరిగి కూచుంటదేమో అనుకున్న. జరిగింది, నా దిక్కే. మా మంద కుక్కకు గూడ మందు ఇస్తరా బిడ్డా, యాడ ఇస్తరు అని అడిగింది. రాసిచ్చిన.

లోపల ఏం లేదట. మచ్చ ఒకటి ఉన్నదట, పాతది.

కురుమయ్యతోని మాట్లాడిన. మంద కుక్కలు నాలుగింటిని ఆటోల వేసుకొని దవాఖానకు పోయిండు. ఆటోవాడు ఇంకోసారి పిలవకండ్రి అన్నడట.

పూజకు ఎట్లున్నది?

బీరమ్మ

పోచంపల్లి,
1 డిసెంబరు 2019.

బీరమ్మా,

పూజకు ఆడపిల్ల. దసరా ముందు రోజు, కాన్పు తేలికగనే అయింది. ఇరవై ఒకటో రోజు తొట్లెల వేసినం. పేరు కోసం ఇంట్ల కొట్లాట నడుస్తున్నది, మామ చెప్పే పేర్లు ఎవ్వరు వినేటట్లు లేరు. కార్జంల మచ్చ ఒకటే అన్న నీ మాట చదివి స్టాఫ్ రూముల కండ్లు తుడుచుకున్న. ఎల్లేష్ చూసి ఇంకో డబ్బ తెచ్చిండ్రా మేడం అని భయపడ్డడు.

కండెకు ఒళ్లు వచ్చింది. వెంట్రుక నున్నగయింది. ఇప్పుడది మగ్గం గుంటల, ఉతికిన కొత్త సంచి మీద పండుకుంటది, మామ నేస్తడు. పిల్ల ఉన్న గదికి రావద్దని అక్క గడప మీద ఒక పీట అడ్డం పెట్టింది. కండె ఆ పీట మీద గదువ పెట్టి లోపలికి చూస్తది. తెల్లగ ఏది కనపడ్డా నేను ఇప్పటికీ వంగి చూస్త. ఇప్పుడు అక్క కూడా వంగి చూస్తది. ఇద్దరం తలలు దగ్గర పెట్టి చూసి, దారం అని లేస్తం.

నిన్న మళ్ల మాత్ర వెయ్యాల్సిన రోజు. నేను బయలుదేరుతుంటె అక్క చీర మార్చుకొని వచ్చింది. దారి పొడుగునా కండె తాడు ఆమె చేతులనే ఉన్నది. ఆమె నడుస్తున్నదా, అది గుంజుతున్నదా చెప్పలేం. ప్రేమ్‌సాగర్ మొన్న ఇచ్చిన నమూనా చూసి ఏం లేదన్నడు, బయట కూడా తెల్లటివి కనపడ్తలేవు గదా అంటె లేవన్న. ఈసారి ఆయన రెండో మాట ఏం అనలేదు. నేను దానికోసం కొద్దిసేపు ఎదురుచూసిన కూడా.

ఆయన కొత్త చీటీ తీసి కుక్క పేరు, వయసు రాసి, ఎవరి కుక్క అని నా దిక్కు చూసిండు. ఇన్నిసార్లు తెచ్చింది నేనే గదా. నేను మామ పేరు చెప్దామా, నా పేరా అని ఆలోచిస్తున్న. నా ఆలోచన నీకు తెలుసు, అంత తొందరగ తెగదు.

“గోవిందమ్మ అని రాయండ్రి సార్” అన్నది అక్క.

ఆ చీటీ ఇప్పుడు వంటింట్ల, పిల్ల టీకాల కార్డు వేలాడే మేకుకే ఉన్నది.

నీ
యాదలక్ష్మి